పొట్టేలును ఎంచే చెయ్యి: నర్మెట్ట మందల నుంచి బ్రాయిలర్ షెడ్ల దాకా

రెండు వానలు తప్పితే పంట చేతికి రాని నేల నర్మెట్టది. ఎర్ర చెల్కలు, రాతి గుట్టలు, నిండిన ఏళ్ల కన్నా ఎండిన ఏళ్లే ఎక్కువగా గుర్తుండే కుంటలు. ఇలాంటి చోట నాగలినొక్కదాన్నే నమ్ముకున్న ఇల్లు నిలబడదు. అందుకే ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి జిల్లాలుగా విడిపోయిన పాత ఓరుగల్లు సీమ అంతటా పంట పక్కనే మంద కూడా బతికింది. కురుమలు నల్ల గొర్రెలను మేపారు. గొల్లలు గొర్లతో పాటు పశువులనూ సాకారు. లంబాడీలు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసి ఊళ్లను కలిపారు. నర్మెట్టకు దగ్గర్లోని కొమురవెల్లి మల్లన్న ఈ మందలవాళ్ల దేవుడు. ఆయన కథను ఊరూరా వినిపించిన ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్య ఈ జనగామ ప్రాంతం మనిషే. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య గొర్ల కాపరుల ఇంటి బిడ్డ.

ఈ నేల చరిత్ర చెప్పుకున్నప్పుడల్లా మనుషుల కథ చెప్పుకున్నాం. మంద కథను పక్కన పెట్టాం. తరతరాలుగా ఆ జీవాల ఒంటిని మనం ఎలా మలిచామో, అందులో మనకు దక్కిందేమిటో, వాటికి మిగిలిందేమిటో ఇప్పుడు వెనుదిరిగి చూడాలి. గత డెబ్భై ఏళ్లలో పశువుల శరీరాల్లో వచ్చినంత మార్పు అంతకు ముందు వేల ఏళ్లలో రాలేదు. ఆ మార్పుతో కడుపులు నిండాయి, నిజమే. దాని ఖర్చులో పెద్ద భాగాన్ని మాత్రం నోరులేని ప్రాణులు భరించాయి.

బూడిద దిబ్బల కాలం

పాలమూరు సీమలోని ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ దాన్ని తవ్వించినప్పుడు నవీన శిలాయుగపు పశువుల దొడ్డి బయటపడింది. ఆనాటి జనం పశువులను కంచె లోపల కట్టేవారు. పేరుకున్న పేడను కాలక్రమంలో కాల్చేవారు. ఆ పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు ఇంకా చెదరకుండా కనిపించాయి. నాలుగు వేల ఏళ్ల క్రితమే దక్కన్ పీఠభూమి మీద మనిషీ మందా ఒకే కంచెలో బతికారనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కంచె వేసిన రోజే ఎంపిక మొదలైంది. పొడిచే గిత్తను ముందుగా కోసుకు తిన్నారు. సాధువైన ఆవు దూడను ఉంచుకున్నారు. పనికి పెట్టదలచిన కోడెలకు విత్తులు కొట్టించి, మేలైన ఒక్కదాన్ని ఆంబోతుగా వదిలారు. మనిషితో పాటు కరువు కూడా ఎంచింది. ఎండుగడ్డి మీద బతకలేనిదీ, పది కోసులు నడవలేనిదీ సంతానం మిగల్చకుండా పోయింది. మనిషి ఎంపిక, నేల ఎంపిక ఒకే దిక్కున నడిచిన కాలమది. పశువు సుఖంగా ఉండిందని చెప్పలేం. గాలికుంటు వస్తే మందలకు మందలే కూలబడేవి. కానీ పుట్టుకతోనే దాని ఎముకా గుండే దాని బరువును మోయలేని స్థితి మాత్రం అప్పుడు లేదు.

నల్ల గొర్రె చెప్పే పాఠం

దక్కని గొర్రె ఆ రెండు ఎంపికల సంతానం. నల్లటి ముతక ఉన్ని, మోస్తరు ఒడ్డూ పొడుగూ, గట్టి గిట్టలు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించిన ఉన్నితో గొంగడి నేసేవారు. వానలో అదే గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి మంద దగ్గర పడక. కోతలయ్యాక మందను పొలాల్లో పెడితే ఎరువుకు ప్రతిఫలంగా రైతు ధాన్యం కొలిచేవాడు. మాంసానికీ, ఉన్నికీ, ఎరువుకూ, నడకకూ పనికొచ్చే జీవమది. ఏ ఒక్కదానిలోనూ రికార్డు కొట్టలేదు. దేనిలోనూ చేతులెత్తెయ్యలేదు.

పొట్టేలును ఎంచే కాపరిని దగ్గర నుంచి గమనిస్తే ఆ సమతూకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. పిల్ల పుట్టిన నెలల్లోనే అతని కళ్లు దాని మీద పడతాయి. ముందు దాని తల్లిని చూస్తాడు. పాలు పిల్లకు చాలాయా, కరువు ఏట కూడా ఈనిందా, పిల్లను నాకి దగ్గరికి తీసుకుందా అని. తర్వాత పిల్లను కాళ్ల మధ్య పట్టుకుని పెదవి ఎత్తి పళ్ల వరస చూస్తాడు. కింది పళ్లు పైచిగురుకు సరిగ్గా ఆనకపోతే పొట్టి గడ్డిని కొరకలేదు. గిట్టలు విడిపోయాయేమో వేలితో తడుముతాడు. వృషణాలు రెండూ దిగాయా, ఒకే తీరుగా ఉన్నాయా అని చేత్తో చూస్తాడు. ఉన్ని వేళ్లతో విడదీసి నలుపు మొదలు దాకా ఉందో లేదో పరీక్షిస్తాడు. చివరికి కింద దించి నడిపిస్తాడు. మంద ముందుకు ఉరికేదా, వెనకబడేదా? బరువు కూడా చూస్తాడు, అయితే అది పది లెక్కల్లో ఒక లెక్క. ఆ పొట్టేలు సంతానం కుంటితే వాటిని భుజాన మోయాల్సింది తనే. ఎంచేవాడూ, ఎంపిక తప్పితే నష్టం మోసేవాడూ ఒక్కడే కావడం వల్ల జీవం బాధ కూడా లెక్కలోకి వచ్చేది.

ఒక్క కొలత రాజ్యం

18వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ అనే రైతు ఎంపికను కొత్త దారి పట్టించాడు. దగ్గరి రక్తం కలిసిన జంతువులనే జతకట్టించి, సంతానాన్ని పోల్చి చూసి, తనకు కావలసిన ఒక గుణాన్ని వేగంగా స్థిరపరిచాడు. త్వరగా కొవ్వు పట్టే గొర్రెలు, బరువెక్కే పశువులు తయారయ్యాయి. మంద పుస్తకాలు, వంశావళులు, ప్రదర్శనలు, బహుమతులు ఆ వెంటే వచ్చాయి. అదే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో ఘనీభవించిన వీర్యంతో కలిసేసరికి ఒక్క ఆంబోతు ఖండాంతరాల్లో లక్షల దూడలకు తండ్రి కాగలిగింది.

దాని ప్రమాదాన్ని చూపడానికి అమెరికాలో 1962లో పుట్టిన 'చీఫ్' అనే హోల్‌స్టీన్ ఆంబోతు చాలు. పాల దిగుబడి పెంచే గుణం వల్ల దానికి 16 వేల మంది కూతుళ్లు, 5 లక్షలకు పైగా మనవరాళ్లు కలిగారు. ఆ వంశంలో కడుపులోని పిండాన్ని చంపే ఒక జన్యులోపం కూడా దాగి ఉందని దశాబ్దాల తర్వాత తెలిసింది. దాని వల్ల ప్రపంచవ్యాప్తంగా 5 లక్షలకు పైగా గర్భస్రావాలు జరిగాయని శాస్త్రవేత్తల అంచనా. అన్ని ఏళ్లూ పాలలెక్క మాత్రం బంగారంలా కనిపించింది. మన పల్లెల సంకర ఆవుల్లో ప్రవహించే హోల్‌స్టీన్ రక్తం ఆ ప్రపంచ కుటుంబానిదే.

సముద్రం దాటిన ఒంగోలు

తెలుగు నేల ప్రపంచానికి ఇచ్చిన అతి పెద్ద పశు సంపద ఒంగోలు జాతి. 1868లో బ్రెజిల్‌లోని సాల్వడోర్ రేవులో ఒక ఓడ నుంచి ఒంగోలు జంట దిగిందని అక్కడి చరిత్ర చెబుతుంది. ఆ తర్వాత 1960ల మొదట్లో జరిగిన దిగుమతుల వరకు ఈ రక్తం అక్కడికి చేరుతూనే ఉంది. నెల్లూరు పేరుతోనే అక్కడ దాన్ని 'నెలోర్' అంటారు. 20 కోట్లకు మించిన బ్రెజిల్ పశువుల్లో ఎక్కువ వాటిలో ఈ రక్తమే ఉంది. అమెరికా బ్రాహ్మణ్ జాతిని తయారు చేసినప్పుడూ ఒంగోలు రక్తాన్ని కలిపారు. ఎండను ఓర్చుకోవడం, పిడుదులకు లొంగకపోవడం, నాసి మేతతో బతకడం ఈ జాతి సొత్తు. ఇవి ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. గుండ్లకమ్మ, పాలేరు పరిసరాల రైతులు శతాబ్దాల పాటు ఎంచి నిలిపిన గుణాలివి.

2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో ఒక వాటా అమ్ముడైంది. ఆ ధర ప్రకారం ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్ రికార్డుకెక్కింది. దాని బరువు 1,101 కిలోలు. ఈ వార్త వచ్చినప్పుడు మనవాళ్లంతా గర్వపడ్డారు. అదే సమయంలో ఇక్కడ ట్రాక్టరు వచ్చాక ఒంగోలు గిత్తకు పని పోయింది. బండలాగుడు పోటీల రైతులు, గుంటూరు దగ్గర లాం, ప్రకాశం జిల్లా చదలవాడ క్షేత్రాలు దాన్ని కాపాడుతూ వచ్చాయి. గర్వంతో పాటు ఒక జాగ్రత్త కూడా అవసరం. కిలోల వెంటే పరిగెత్తితే, ఒంగోలును ఒంగోలుగా నిలిపిన నడకా ఓర్పూ ఏదో ఒక తరంలో జారిపోతాయి.

సూది తెచ్చిన పాలు

స్వాతంత్య్రం వచ్చాక పాలకొరత తీర్చడం దేశానికి అత్యవసరం. 1951-52లో కీలక గ్రామ పథకం, 1964-65లో సమగ్ర పశు అభివృద్ధి పథకం మొదలయ్యాయి. మేలుజాతి ఆంబోతులు, ఆపై కృత్రిమ గర్భధారణ ఊళ్లకు వచ్చాయి. కరీంనగర్‌లో వీర్య కేంద్రం, ఊళ్లలో సూది వేసే గోపాలమిత్ర. ఎదకొచ్చిన ఆవుకు సూది వేయిస్తే జెర్సీ, హోల్‌స్టీన్ దూడ. గేదెలకు ముర్రా. లీటరున్నర ఇచ్చే ఆవున్న ఇంట్లో పది లీటర్ల ఆవు నిలబడింది. పాలడబ్బుతో చదువుకున్న ఆడపిల్లలు, అప్పు తీర్చిన ఇళ్లు ఈ మూడు జిల్లాల్లోనూ ఎన్నో. ఆ మేలును కాదనేవాడు పల్లెను ఎరగనివాడు.

ఆ ఆవు పడే కష్టాన్నీ అంతే నిజాయితీగా చెప్పాలి. చల్లటి దేశాల రక్తం మే నెల జనగామ ఎండకు రొప్పుతుంది, మేత మానేస్తుంది, ఎదకు రాదు. పిడుదుల ద్వారా వచ్చే థైలీరియా జ్వరం నాటు ఆవును పెద్దగా కదిలించదు, సంకర ఆవును పడగొడుతుంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దానికి ప్రత్యేకంగా టీకా తయారు చేసిందంటేనే సమస్య తీవ్రత అర్థమవుతుంది. పాలు పెరిగిన పొదుగుకు పొదుగువాపు పెరిగింది. ఈనిన వెంటనే ఒంట్లోని సున్నం పాలలోకి పోయి కూలబడే ఆవులు కనిపించాయి. నాగలికి పనికిరాని మగదూడ పుట్టిన రోజే ఇంటికి భారమైంది. పాల లాభానికి లెక్క పుస్తకం ఉంది. ఈ బాధలకు ఏ ఖాతా లేదు.

నలభై రోజుల బతుకు

మార్పు అన్నిటికన్నా వేగంగా వచ్చింది కోడిలో. 1971లో డాక్టర్ బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించారు. 1982లో గుడ్ల ధరల కోసం జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ఏర్పాటులోనూ ఆయనదే ముందడుగు. వాటి వల్ల గుడ్డు, కోడిమాంసం పేదవాడి కంచంలోకి వచ్చాయి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో తెలుగు నేల ముందువరసకు చేరింది.

ఆ కోడి లోపల ఏం మారిందో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం 2014లో ప్రచురించిన ప్రయోగం తేటగా చూపింది. 1957, 1978, 2005 కాలాల నాటి మాంసపు కోళ్ల వంశాలను పక్కపక్కనే ఒకే దాణా పెట్టి పెంచారు. 56 రోజులకు మొదటిది సుమారు 905 గ్రాములు, రెండోది 1,800, మూడోది 4,200 గ్రాములు తూగాయి. దాణా ఒకటే కాబట్టి తేడా అంతా వంశానిదే. రొమ్ముకండ పెరిగినంత వేగంగా ఎముకా గుండే ఊపిరితిత్తులూ పెరగలేదు. కాళ్లు వంకరపోవడం, కడుపులో నీరు చేరడం, ఉన్నట్టుండి గుండె ఆగిపోవడం ఈ పెరుగుదల వెంట వచ్చిన రోగాలు. ఎండాకాలం మధ్యాహ్నం ఏ బ్రాయిలర్ షెడ్డులోకైనా తొంగిచూడండి. ఆరో వారం కోళ్లలో చాలా వరకు పొట్ట నేలకానించి రెక్కలు దూరంగా పెట్టి నోరు తెరిచి ఉంటాయి. దాణా తొట్టి దాకా నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంటాయి. ఎగిరేది ఒక్కటీ కనిపించదు. ఆ పిల్లల తల్లిదండ్రుల గతి ఇంకా కఠినం. ఆకలికి తగినంత పెడితే గుడ్డు దశకు ముందే అతిబరువుతో కూలిపోతాయి కాబట్టి వాటిని ఎదిగే కాలమంతా అర్ధాకలితో ఉంచాలి. తినడానికే పుట్టించిన వంశాన్ని కడుపు మాడ్చి కాపాడుకోవాల్సి వస్తోందంటే ఎంపిక ఎంత దూరం పోయిందో గ్రహించవచ్చు.

గుడ్ల కోడిది మరో గోడు. దాని మూలమైన అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడుతుంది. నేటి లేయరు 300 దాటిస్తుంది. ప్రతి పెంకుకూ దాని ఎముకల నుంచి సున్నం కరుగుతుంది. అందుకే రొమ్ము ఎముక విరగడం లేయర్లలో ప్రపంచమంతటా సాధారణం. గుడ్లు పెట్టని మగపిల్లను పుట్టిన రోజే చంపేస్తారు. పంజరాల సంగతి చూసిన లా కమిషన్ 2017లో తన 269వ నివేదికలో లేయర్లు, బ్రాయిలర్ల పెంపకంపై నియమాలు సూచించింది. పంజరం వెడల్పు చేస్తే మంచిదే. కానీ వంశంలోనే ఉన్న నొప్పిని ఏ పంజరమూ తియ్యలేదు.

మరో దారి ఉందని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే రుజువైంది. అక్కడి కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ కోళ్లను తయారు చేసింది. వాటిలో ఒక వంశాన్ని ఎంచేటప్పుడు కాలి పొడవును కూడా కొలిచారు. పెరట్లో కుక్కా పిల్లీ తరిమితే పరిగెత్తగలగాలి కదా. బతికే చోటును ముందు చూసి, ఆపై వంశాన్ని ఎంచడమంటే ఇదే.

గొర్రెల పంపిణీ, మరుగవుతున్న నలుపు

ఇక మళ్లీ మన మందల దగ్గరికి. ఉన్ని ధర పడిపోయింది. కత్తిరింపు కూలి కూడా రాని రోజులు వచ్చాయి. మరోవైపు మాంసం ధర ఏటేటా ఎగబాకింది. కిలోలకే విలువ ఉన్నప్పుడు దేశంలోనే అతి పొడవైన గొర్రెగా పేరున్న నెల్లూరు జాతి పొట్టేలు కాపరికి ఆశ చూపింది. నల్ల గొర్రెల మందల్లోకి అది దిగింది. పిల్లల ఎత్తు పెరిగింది, ఉన్ని పోయింది, ఒళ్లంతా వెంట్రుకే. రెండు మూడు తరాల్లో మందలో నలుపు పలచబడింది. ఇది కాపరి మూర్ఖత్వం కాదు. కిలో తప్ప మరే గుణానికీ ధర కట్టని బజారు అతని చేత చేయించిన ఎంపిక ఇది.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలుతో 1.25 లక్షల రూపాయల యూనిట్, 75 శాతం రాయితీ. ఇంత పెద్ద ఎత్తున మందలవాళ్లను లెక్కలోకి తీసుకున్న పథకం అంతకు ముందు లేదు. 2012లో 1.28 కోట్లున్న రాష్ట్రంలోని గొర్రెలు 2019 పశుగణనలో 1.91 కోట్లకు చేరాయి, దేశంలో మొదటి స్థానం దక్కింది. ఆ సంఖ్యలో ఏ జీవం ఎక్కడిదో మాత్రం దాగిపోయింది. పొరుగు రాష్ట్రాల సంతల్లో కొన్న జీవాలు లారీల్లో వందల కిలోమీటర్లు వచ్చాయి. కొత్త నీరు, కొత్త మేత, కొత్త రోగాలు. చిటుకు రోగం, వానలు ముగిసే వేళ దోమల్లాంటి చిన్న కీటకాలు మోసుకొచ్చే నీలి నాలుక లాంటివి అలసిన జీవాన్ని తేలిగ్గా పట్టుకుంటాయి. తీరపు మైదానాల్లో ఎదిగిన గొర్రెను నర్మెట్ట రాతి గుట్టల మీద మేపమనడం దానికీ, కాపరికీ కష్టమే. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు వచ్చి చెల్కలు వరిమళ్లుగా మారిన చోట మేత భూమి కుదించుకుపోయింది. ఎక్కువ మేత కావాల్సిన పెద్ద ఒడ్డు జీవం మందలోకి వచ్చింది సరిగ్గా ఆ సమయానికే.

చిత్తూరు సీమ పుంగనూరు ఆవుది ఇందుకు తిరగబడ్డ కథ. మెట్ట మేతతో బతికే ఆ పొట్టి ఆవును పలమనేరు పరిశోధన కేంద్రం కాపాడింది. ఇటీవల దాన్ని ముద్దుకు పెంచుకునే మోజు పెరిగి, ఇంకా పొట్టి, ఇంకా పొట్టి అన్న పోటీ మొదలైంది. దగ్గరి రక్తం కలిపితే దూడలు బలహీనపడతాయి, ఇరుకు కటిలో ఈత కష్టమవుతుంది. పొట్టితనం కూడా కిలోల లాంటి ఒక్క కొలతే.

ఏం చెయ్యాలి

ఎంపిక మానమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మానితే కరువే మళ్లీ ఎంచుతుంది. కొలిచే గుణాల సంఖ్య పెంచాలి. నార్వే ఈ పని అర్ధ శతాబ్దం క్రితమే చేసింది. 1975లో ప్రతి ఆవుకూ ఆరోగ్య చీటీ పెట్టి, 1978 నాటికి పొదుగువాపు నిరోధాన్ని ఆంబోతుల ఎంపికలో చేర్చింది. అక్కడి ఎర్ర ఆవు పాలూ ఇస్తుంది, రోగమూ తక్కువ. నార్వీజియన్ రెడ్ కోరుకునే రైతులు ఇప్పుడు అనేక దేశాల్లో ఉన్నారు. సంతానానికి బాధ కలిగించే జాతుల పెంపకాన్ని జర్మనీ చట్టం నిషేధించింది. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చేతితో చేసే హింసను చూస్తుంది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఆకలి, నొప్పి, రోగం, భయం లాంటి వాటి నుంచి విముక్తిని జంతువుల హక్కుగా గుర్తించింది. నొప్పిని వంశంలోకే ఎక్కించే ఎంపిక కూడా ఆ మాట పరిధిలోకి రావాలి.

2024 అక్టోబర్‌లో కేంద్రం ఆవులకూ గేదెలకూ జన్యు చిప్‌లను విడుదల చేసింది. అవి పాలను ఎంత బాగా అంచనా వేస్తాయో, నమోదులు ఉంటే రోగనిరోధాన్నీ, ఎండ ఓర్పునూ, ఆయుష్షునూ అలాగే అంచనా వేయగలవు. ఆ నమోదు గోపాలమిత్ర నోటుపుస్తకంలో మొదలవ్వాలి. ఏ ఆవుకు ఎన్నిసార్లు పొదుగువాపు వచ్చింది, ఎన్ని ఈతలు ఈనింది, ఏ ఏట ఎందుకు మందను విడిచింది అన్నవి రాయాలి. వీర్యం గొట్టం మీద ఆంబోతు తల్లి ఇచ్చిన లీటర్ల పక్కన కూతుళ్ల ఆరోగ్యం కూడా అచ్చవ్వాలి. కోడిపిల్లలు కొనే కంపెనీల ఒప్పందంలో బరువు, మరణాలతో పాటు కుంటుతున్న కోళ్ల లెక్క ఉండాలి.

గొర్రెల విషయంలో మరింత తేలికైన పని ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో మిగిలిన నల్ల పొట్టేళ్లను గుర్తించి, వాటిని మందలోనే ఉంచుకునే కాపరికి ఏటా భృతి ఇవ్వాలి. నల్ల ఉన్నికి గిట్టుబాటు ధర, గొంగడికి బజారు చూపాలి. మళ్లీ ప్రభుత్వం గొర్రెలు పంచదలిస్తే ఏ జాతి, ఏ పొట్టేలు అన్న నిర్ణయం టెండరు కాగితం మీద కాక ఊరి కాపరుల సంఘం ముందు జరగాలి. తల్లి పాలు, పళ్ల వరస, గిట్ట, నడక, కరువు ఓర్పు, రోగం తట్టుకునే శక్తి ఆ ఎంపిక పత్రంలో గడులుగా ఉండాలి. బరువుకు కూడా ఒక గడి ఉంటుంది, మిగతా వాటితో సమానంగా. ఎంచే అధికారం ఎవరిదైతే, ఆ ఎంపిక వల్ల కుంటే కాలికీ, ఆగే గుండెకూ, ఎండే పొదుగుకూ జవాబుదారీ కూడా వాళ్లదే కావాలి. నాలుగు వేల ఏళ్ల మన పశుపాలనలో ఆ రెండూ ఒకే చేతిలో ఉన్నప్పుడే జీవమూ నిలిచింది, దాన్ని నమ్ముకున్న ఇల్లూ నిలిచింది.